చేతికి కట్టిన దీపం

మా ఇంట్లో బీరువా అడుగున, పాత చొక్కాలో చుట్టిన చిన్న డబ్బా ఒకటి ఉంది. కెమెరా ఫిల్ము పెట్టుకునే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు మాత్రం అదే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మొగల్తూరు ప్రాంతానికి ఒక దినపత్రిక విలేకరిగా ఉండేవాణ్ణి. రేడియోలు విప్పి బిగించడం నాకు చిన్నప్పటి పిచ్చి. చేపల వేటకు వెళ్లినవాళ్లు చీకట్లో నీళ్లలో పడితే కేకలను బట్టే వెతుక్కుంటారని తీరంలో విన్నాను. చేతికి కట్టుకునే దీపం చేయాలనిపించింది. ఫిల్ము డబ్బాలో చిన్న సర్క్యూటు, గడియారం సెల్లులు, మూత మీద ఎర్ర లైటు, కట్టుకోవడానికి సైకిల్ ట్యూబు ముక్క. డబ్బా అడుగున రెండు తీగల కొసలు బయటికి ఉంచాను. ఉప్పునీళ్లలో మునిగితేనే వెలుగుతుంది. మిగతా సమయంలో ఆరి ఉంటుంది.

కష్టమంతా లోపలికి నీరు దూరకుండా చేయడంలోనే వచ్చింది. కొవ్వొత్తి మైనం పోస్తే ఎండకు కరిగింది. గోళ్లరంగు పూస్తే ఉప్పునీరు దాన్ని లేపేసింది. చివరికి బాత్రూము టైల్సు సందుల్లో నింపే తెల్లటి పేస్టు దొరికింది. పుల్లటి ఘాటు వాసన. డబ్బా నిండా కూరాను. ఉప్పు కలిపిన బకెట్లో రాత్రంతా ఉంచితే తెల్లారేదాకా మిణుకుమంటూనే ఉంది. తీరంలో కొందరికి చేసిచ్చాను. ఫోటో పెట్టి వార్త కూడా నేనే రాసుకున్నాను.

మొదట కట్టుకున్నది సత్తిబాబు. చెంబెడు ఉప్పునీళ్లలో ముంచి వెలిగించి చూపిస్తుంటే అతని భార్య మంగ పడీపడీ నవ్వింది.

"ఏంటయ్యా ఇది, పెళ్లి పందిరికి కట్టే సీరియల్ సెట్టులాగ? చేపలు నవ్విపోతాయి."

"నవ్వనియ్యే. నోరు తెరిస్తే వల్లో పడతాయి" అన్నాడు సత్తిబాబు.

కొన్ని నెలలు గడిచాయి. నా దగ్గర ఉంచుకున్న డబ్బాను ఒకరోజు ఉప్పునీళ్లలో ముంచితే వెలగలేదు. కోసి చూశాను. లోపల చుక్క నీరు లేదు. రాగి తీగలు మాత్రం ఆకుపచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే విరిగిపోయాయి. నీటిని ఆపడానికి నింపిన పేస్టులోని పులుపే వాటిని తినేసింది. రాగి గిన్నెలో మజ్జిగ పోయకురా, చిలుమెక్కుతుంది అని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. ఆ పుల్లటి వాసన ముక్కుకు కొడుతున్నా నాకెందుకు తట్టలేదు?

తట్టకపోవడం తప్పు కాదేమో. తెలిశాక కూడా కదలకపోవడాన్ని ఏమనాలి? ఆ సాయంత్రమే వెళ్లి అందరి చేతుల నుంచీ విప్పించాల్సింది. ఎన్నికల వార్తలున్నాయి, అటు వెళ్లినప్పుడు చూద్దాం అనుకున్నాను. అది సాకు. మెచ్చుకుంటూ రాసుకున్నవాణ్ణి నేనే కదా, నవ్వులపాలవుతానని వెనకాడాను. ఒడ్డున ఎలాగూ ఆరి ఉండే దీపం. చచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

ఆ వారంలోనే గాలి లేచింది. సత్తిబాబు పడవ మీంచి పడిపోయాడు. తోటివాళ్లు ఎర్ర లైటు కోసం వెతికారు. వెనకటిలా పేరు పెట్టి అరుచుకుంటూ, ఆగి చెవొగ్గుతూ వెతకలేదు. చేతికి దీపముంది కదా, అదే చూపిస్తుందనుకున్నారు. చీకట్లో ఎక్కడా ఎర్రగా కనిపించకపోయేసరికి అతను అటు లేడనుకుని పడవ తిప్పేశారు.

శవం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని తెలిసి వార్త కోసం వెళ్లాను. నాతో వచ్చిన కానిస్టేబులు ఫోను చేయడానికి ఊళ్లోకి వెళ్లాడు. మనుషులింకా చేరలేదు. పొడుగుచేతుల చొక్కా కింద, కట్టింది కట్టినట్టే ఉంది నా డబ్బా. తీగల కొసల మీద నీళ్లు కారుతున్నా లైటు వెలగడం లేదు. నేను ఆలోచించలేదని చెబితే మీరు నమ్మకండి. ఆలోచించాను. దూరంగా వస్తున్నవాళ్లను చూశాను. ట్యూబు విప్పి కెమెరా సంచిలో వేసుకున్నాను.

మర్నాటి వార్తలో, అతను దీపం కట్టుకోకుండా వేటకు వెళ్లాడని రాశాను.

పెద్దకర్మ రోజున మంగ నన్ను పక్కకు పిలిచింది.

"ఇల్లంతా వెతికానండి అన్నయ్యగారూ, లైటు లేదు. కట్టుకునే ఎల్లాడాండి?"

"లేదమ్మా. చేతికి లేదు. నేను చూశాను."

"మరేమైందండి?"

"దారిలో విప్పేసి ఉంటాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఎగతాళి చేశాననేనండి. అందుకే తీసేసుంటాడు."

కాదమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. తల వంచుకుని కూర్చున్నాను. చూసినవాళ్లు నేను బాధపడుతున్నాననుకున్నారు.

తర్వాత మిగతావాళ్ల దగ్గర్నుంచి, కొత్తవి చేసిస్తానని చెప్పి డబ్బాలన్నీ తెచ్చేసుకున్నాను. అంత తేలికైన పని అది. అతను బతికుండగా చేయని పని. కొత్తవి మళ్లీ చేయలేదు.

మంగ ఇప్పటికీ ఎండుచేపలు అమ్ముతుంది. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలతో ఒకమాట అంటుందట: "వేటకెళ్లేవాణ్ణి చూసి నవ్వకండే." సంతలో ఎవరో నవ్వుతూ చెప్పారు. ఆ రోజు అన్నం తినలేకపోయాను. మరుసటి రోజు తిన్నాను. మనిషి తింటాడు.

క్షమించమని అడగను. అడగడానికి నాకు నోరెక్కడిది? ఇందులో పేర్లు మార్చాను. అయినా ఆ ఊళ్లో ఎవరో ఇది చదువుతారు, ఆమెకు చదివి వినిపిస్తారు. సీరియల్ సెట్టు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అర్థమవుతుంది. తర్వాత ఏం జరిగినా జరగనీ. ఆ రోజు అనాల్సిన మాట కాగితం మీద పెట్టగలిగాను, ఈ పూటకు ఊపిరి ఆడుతోంది.

అమ్మా, అతను కట్టుకునే వెళ్లాడు. నువ్వు నవ్వినా విప్పలేదు.