రొయ్యల కౌంటూ, ఎలక్ట్రాన్ వోల్టూ

గుడివాడ కాలేజీలో ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ నాడు నాకు రెండు భయాలు. అంతకుముందు ఏడాది ప్రాక్టికల్స్‌లోనే తప్పాను. ఈసారీ తప్పితే గిలకలదిండి రొయ్యల షెడ్డులో అమ్మ పక్కన కూర్చుని తలలు తీయాల్సిందే. అమ్మ అన్నదంటే అన్నట్టే.

షెడ్డు నాకు కొత్తేం కాదు. సెలవుల్లో ఐసులో చేతులు మొద్దుబారేదాకా పని చేసినదాన్నే. హాస్టల్లో మాత్రం మా అమ్మ బందరులో కుట్టుపని చేస్తుందని బొంకాను. నా బట్టల్లో నీచువాసన ఎవరికి తగులుతుందోనన్నది రెండో భయం.

వైవాకి వేరే ఊరి నుంచి వచ్చిన లెక్చరర్ గారు తలెత్తకుండానే అడిగారు.

"తరంగదైర్ఘ్యం ఆరువేల రెండొందల ఆంగ్‌స్ట్రాములు. ఒక్క ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఎంతమ్మా?"

ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో హెచ్చవేసి, తరంగదైర్ఘ్యంతో భాగించాను. మూడు పాయింట్ రెండు ఇంటూ పది పవర్ మైనస్ పంతొమ్మిది జౌళ్లు. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చాలంటే ఒకటి పాయింట్ ఆరు ఇంటూ పది పవర్ మైనస్ పంతొమ్మిదితో భాగించాలా, హెచ్చవేయాలా? హెచ్చవేశాను. పవర్ కాస్తా మైనస్ ముప్ఫై ఎనిమిదైంది.

"ఇదేనా జవాబు?" అన్నారాయన.

షెడ్డు కళ్లముందు కదిలింది. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఒకసారి బుల్లి రొయ్యల కుప్ప చూసి ఇరవై కౌంటని నేనంటే అమ్మ నెత్తిన మొట్టింది. "రొయ్య చిన్నదైతే కౌంటు పెరుగుద్దే పిచ్చిమొహమా! తగ్గుద్దా ఎక్కడన్నా?"

జౌల్ ముందు ఎలక్ట్రాన్ వోల్టు పిసరంత. పిసరంత దాంతో కొలిస్తే అంకె పెరగాలి గానీ తగ్గడమేమిటి? కొట్టేసి భాగించాను.

"రెండండీ. రెండు ఎలక్ట్రాన్ వోల్టులు."

"శభాష్! తప్పెలా పట్టుకున్నావు?"

అమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. వెనక హాస్టల్ అమ్మాయిలు నలుగురు నిలబడి ఉన్నారు.

"మా సార్ చెప్పారండీ," అన్నాను.

పాసయ్యాక అమ్మకీ అదే చెప్పాను. పొంగిపోయింది. నేను మార్కుల మెమో కోసం గుడివాడ వెళ్తుంటే ఇరవై కౌంటు రొయ్యలు ఏరి ఏరి, ఐసు వేసి డబ్బాకెత్తింది. "ఆ సారు చల్లగుండాలి. చేతికిచ్చి దణ్ణం పెట్టిరా."

బస్సులో వాసన బయటికొస్తుందేమోనని దారి పొడవునా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. బస్సు దిగి, ఎవరూ చూడకుండా ఆ రొయ్యలన్నీ కాలవలో పోశాను.

"సారేవన్నారే?" అంది అమ్మ, ఖాళీ డబ్బా అందుకుంటూ.

"బావున్నాయన్నారమ్మా."