కుడి గేరు, ఎడమ గేరు

కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో, మామిడి సీజను మధ్యలో, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా నన్ను నూజివీడు వేశారు. జనం నోట మా ఉద్యోగం పేరు బ్రేక్ ఇన్‌స్పెక్టర్. స్వచ్ఛందంగా విరమణ తీసుకున్నా, ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ పేరే చెప్పుకుంటాను.

పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూసి పాస్ చెయ్యాలి. అలా ఒకరోజు రెండు పాత బుల్లెట్లు మా యార్డుకి వచ్చాయి. ఓనర్లు ఇద్దరు, కొనబోయే మనిషి మాత్రం ఒక్కరే: మామిడి వ్యాపారి సూర్యనారాయణ గారు. రెండూ పాసైతే మరీ పాతదే కొనాలని ఆయన సరదా. వెంట కూతురు లావణ్య వచ్చింది. ఆగిరిపల్లి దగ్గర వాళ్ళ కౌలు తోటలో కోతా గ్రేడింగూ ఆ అమ్మాయే చూస్తుంది.

ఒకటి ముందు తరం బండి. కాస్ట్ ఐరన్ ఇంజను, కిక్ కొట్టడమే దిక్కు, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. రెండోది తర్వాతి తరం. బటన్ స్టార్ట్, ఇప్పటి బండ్లలాగే గేరు ఎడమ, బ్రేకు కుడి.

"పాత పట్టుచీరైతే మీ మాట వింటాం గానీ మేడమ్, పాత ఇనుము మీకేం తెలుస్తుందండీ?" అన్నారు సూర్యనారాయణ గారు.

"చీరకి బ్రేకుండదండీ. అందుకే దానికి నా సంతకం అక్కర్లేదు" అన్నాను.

ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాను. రెండు బండ్లవీ రికార్డులతో సరిపోయాయి. డీకంప్రెసర్ అని, ఇంజనులో బిగిసిన గాలిని వదిలే చిన్న మీట ఉంటుంది. అది నొక్కి, పిస్టన్ సరిచేసి, పాతదాన్ని ఒక్క కిక్‌తో లేపాను. ఓనర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు.

రెండూ పాసన్నాను. మరి ఏది కొనమంటారని సూర్యనారాయణ గారు అడిగారు. సలహా ఇవ్వడం నా డ్యూటీ కాదు. అయినా నడిపేదెవరన్నాను.

"నేనూ, మా అమ్మాయీ. సీజన్లో బండి ఒకళ్ళదేంటండీ? తాళం షెడ్లో మేకుకుంటుంది, అవసరమైనవాళ్ళు తీస్తారు."

నాకు ఒళ్ళు మండింది. ఆ షెడ్ల ముందు దారిలోనే గడ్డి పరిచి, కాయలు పోసి, ఆడవాళ్ళు దారికి వీపు పెట్టి కూర్చుని ఏరుతుంటారు.

యార్డులో సుద్దగీత గీసి, ముందు తరం బండిని దాని దగ్గర ఆపమన్నాను. తండ్రీ ఆపారు, కూతురూ ఆపింది. "చూశారా!" అన్నారాయన. మళ్ళీ ఒకసారి రమ్మన్నాను. లావణ్య గీతకి ఇంకా దూరంగా ఉండగానే "ఆగు!" అని అరిచాను. ఇప్పటి బండ్ల అలవాటుతో కుడికాలు టక్కున తొక్కింది. అక్కడున్నది గేరు. బండి నన్ను దాటిపోయి, చేతి బ్రేకు పట్టాక గానీ ఆగలేదు.

తండ్రి నవ్వారు. రెండోదాని మీద మీరు రండి అన్నాను. వయసంతా బండి మీదే గడిచిందంటూ ఎక్కారు. మళ్ళీ అరిచాను. పాత బండ్ల అలవాటుతో ఆయన ఎడమకాలు గేరు మీద పడింది. ఆయనా నన్ను దాటిపోయారు.

"చెప్పకుండా అరిస్తే ఎలాగండీ!" అని నా మీదకొచ్చారు.

"అడ్డమొచ్చేవాళ్ళు చెప్పి వస్తారా?"

"వాదించకు నాన్నా. అక్కడ కూర్చునేది మన మనుషులు" అంది లావణ్య.

చివరికి ఆయన తర్వాతి తరం బండే కూతురి పేరున కొన్నారు. తాళం ఆ అమ్మాయి దగ్గరే ఉండాలన్న షరతు ఆ అమ్మాయే పెట్టింది. కొన్నాళ్ళకి ఆగిరిపల్లి రోడ్డు మీద ఎదురయ్యారు. కూతురు నడుపుతోంది, ఆయన వెనక సీట్లో. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆ రోజు చేసిన పని గురించి నాకు గర్వమే, దాచుకోను.

బండి పాసవడం వేరు, నడిపే మనిషి పాసవడం వేరని నాకు అక్కడే తేలింది. పాతది మేలా కొత్తది మేలా అని ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. ఉలిక్కిపడితే మీ ఏ కాలు కిందికి పోతుందో ముందు తేల్చుకోండి, ఇంజను సంగతి ఆ తర్వాత మాట్లాడదాం అంటాను.