ప్లేట్ రీడర్ చేయి చాపిన రోజు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, పసుపు సీజన్ మొదట్లో, నన్ను నిజామాబాద్‌లోని ఒక పరీక్షాశాలకు సీనియర్ అనలిస్టుగా వేశారు. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. చేరిన వారమే కొత్త మైక్రోప్లేట్ రీడర్ వచ్చింది. బోధన్‌లో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి, రంగును అంకెగా చెప్పే మిషన్ నా చేతికొచ్చిందని చెప్పాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

పసుపులో బూజు విషం ఉందో లేదో చూడడం మా పని. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో నమూనా సారం, రసాయనాలు వేస్తాం. చివరికి పసుపు రంగు తేలుతుంది. రంగు చిక్కగా ఉంటే విషం తక్కువ, వెలిసిపోతే ఎక్కువ. రీడర్ ఒక్కో గుంటలోంచి కాంతి పంపి రంగెంతో కొలుస్తుంది.

రీడర్‌ను మొదటిసారి వాడబోతున్న రోజు ఏర్గట్ల రైతు గంగారాం నమూనా సంచితో వచ్చాడు. పాసైతేనే ఎగుమతి వ్యాపారి సాయంత్రం సరుకు లారీకెత్తుతాడు. లేదంటే పంటంతా తిరిగి ఇంటికే.

స్విచ్ వేయగానే ప్లేటు పెట్టే ట్రే బయటికి జరిగింది.

"సారూ, మిషన్ చెయ్యి సాపింది. కొత్తదాన్ని ఉత్త చేతుల్తోని లోపటికి పంపుతరా?" అంటూ గంగారాం తన సంచిలోని పసుపే చిటికెడు ట్రేలో చల్లి దండం పెట్టాడు.

"అరే భాయ్, గది చెయ్యి కాదు, ట్రే!" అని మా ఇన్‌ఛార్జ్ ఖాదర్ సారు అరిచేలోపే ట్రే లోపలికి పోయింది. మళ్లీ బయటికి రప్పించి తుడిచారు. సరిపోయిందనుకుని పరీక్ష చేశాం.

రీడర్ లెక్కలో అన్ని గుంటలూ బ్రహ్మాండంగా పాసయ్యాయి.

"పాసైనట్టే గద! లారీకి ఫోన్ కొడుతున్న," గంగారాం లేచాడు.

"ఆగు కాకా. నీ పసుపు పాసైంది. విషం గూడ పాసైంది," అన్నాను.

పోల్చి చూసేందుకు కొన్ని గుంటల్లో మేమే విషం కలుపుతాం. కంటికి అవి వెలిసే ఉన్నాయి. రీడర్ మాత్రం చిక్కగా ఉన్నాయంటోంది. ఖాళీ ప్లేటు పెట్టాం. అది కూడా మేలురకం పసుపేనట.

"కాకా, నీ పసుపు లోపట కూసోని నీకే సాక్ష్యం చెప్తున్నది," అన్నారు ఖాదర్ సారు.

"మంచిదే గద సారూ. నా సరుకు సంగతి దానికంటె ఎవలకెరుక?"

కంపెనీ ఇంజనీరు ఫోన్లో చెబుతుంటే మూత విప్పి, ట్రే మీంచి లోపలి కటకం మీద రాలిన పసుపు తుడిచాం. కొత్త ప్లేటుతో పరీక్ష మొదటినుంచి చేశాం. బయట లారీ హారన్ ఆగలేదు. ఈసారి విషం ఫెయిలైంది. ఖాళీ ప్లేటు ఖాళీ అనే వచ్చింది. గంగారాం పసుపు పాసైంది.

"గీ మాట మిషన్ పొద్దుగాలనే చెప్పింది. మీరే ఇనకపోతిరి," అని రిపోర్టు లాక్కుని పోయాడు.

అప్పటినుంచి రోజూ ముందు ఖాళీ ప్లేటు చదివించాను. పూజ మాత్రం, మిషన్ వచ్చిన అట్టపెట్టెకు చేయించాను. జవాబు నిజమైనంత మాత్రాన యంత్రం సరిగ్గా ఉన్నట్టు కాదు.