బానేఉందిగారి వంటగది కిటికీ

మా ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. బానేఉందిగారు అంటారు. ఫోన్లో మెయిల్ చూసుకునే యాప్ తయారుచేస్తాం మేం. మెయిల్‌తో వచ్చిన పెద్ద ఫైళ్లు సరిగా డౌన్‌లోడ్ కావడం లేదన్న ఫిర్యాదులన్నీ ఆయన బల్లమీదికే చేరతాయి. ఆయన తన ఫోన్లో ఒక్కసారి నొక్కి చూసి, ‘మా దగ్గర బాగానే ఉంది’ అని రాసి ఫిర్యాదు మూసేస్తారు. ఇక రోగి సంగతి రోగే చూసుకోవాలి. పక్క కుర్చీలో కూర్చుని ఈ వైద్యం చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయేది.

పరీక్షకు మేం వాడే పెద్ద ఫైలు మా మేనేజరుగారి వార్షికోపన్యాసం వీడియో. కొత్త ఉపన్యాసం రాగానే పాత పేరుతోనే దాన్ని మెయిల్లో పంపి, దిగిందా లేదా చూస్తాం. తెరమీద డౌన్‌లోడ్ ఎంతయిందో చూపే గీత నిండుతుంది, మేనేజరుగారు నోరు తెరుస్తారు, మేం ఆపేస్తాం. అంతకుమించి విన్న ధైర్యవంతులెవరూ మా అంతస్తులో లేరు.

ఇలా ఉండగా బానేఉందిగారు ఇల్లు కట్టడం మొదలెట్టారు. వంటగదికి కిటికీ కావాలని ఆయన భార్య పట్టుబట్టింది. పక్కింటి గోడ తప్ప ఏం కనిపిస్తుందని ఈయన బిగుసుకున్నారు. అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ పట్టపగలే లైటు వేసుకుని వండిన మనిషి ఆవిడ. ఈ ఇంట్లో తనకి కావలసింది అదొక్కటేనంది. చివరికి ఈయన దిగొచ్చారు. ఇంటి ప్లాను గీసిన బావమరిది కిటికీ పెట్టి దాన్ని మార్చి, మొదటిది పంపినట్టే, అదే పేరుతో మేస్త్రికి మెయిల్ చేశాడు. మేస్త్రి ఫోన్లో మా యాప్ వేసింది బానేఉందిగారే, గొప్పలు చెప్పుకుంటూ మరీ.

భార్యాభర్తలు చుట్టాలింటికి వెళ్లొచ్చేసరికి వంటగది గోడ పైదాకా లేచింది. కిటికీ లేదు. ఈయన మేస్త్రి మీద విరుచుకుపడ్డారు. మేస్త్రి నొచ్చుకుని, ఆ మెయిలే తెరిచి చూపించాడు.

“ఇందులో కిటికీ ఎక్కడుందో మీరే చూపించండి సార్.”

గీత నిండింది, ప్లాను తెరుచుకుంది. కిటికీ లేని పాత ప్లాను. బానేఉందిగారు గబగబా తన ఫోను తీసి, బావమరిది తనకూ పంపిన ఆ మెయిల్ నొక్కారు. కొత్త ప్లాను వచ్చింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

“నా ఫోన్లో బాగానే ఉంది,” అన్నారు.

గోడమీద చెయ్యేసి నిలబడ్డ భార్య ఇటు తిరిగింది.

“అయితే ఆ ఫోను వంటగదిలో పెట్టండి. గాలీ వెలుతురూ దాంట్లోంచే తెచ్చుకుంటాను.”

మర్నాడు ఆయన మొట్టమొదటిసారి ఒక ఫిర్యాదుని పట్టుకుని కూర్చున్నారు. అసలు సంగతి బయటపడింది. పెద్ద ఫైలు మధ్యలో తెగిపోతే మా యాప్ ఆ మాట చెప్పదు. గీత నింపేసి, అదే పేరుతో అంతకుముందు దిగిన ఫైలు ఫోన్లో ఉంటే దాన్ని తెరిచి పెడుతుంది. ఈయన ఫోన్లో ఫైలు తెగకుండా దిగింది; తెగినా, పాత ప్లాను ఈయనకి కాగితం మీదే అందింది కాబట్టి తెరవడానికి పాతది లేదు.

అనుమానమొచ్చి మా పరీక్ష ఫోను చూశాం. కొత్త ఉపన్యాసమని మేం ఇన్నాళ్లూ తెరుస్తున్నది ఎప్పటిదో పాతది. ఎలా తెలుస్తుంది? ఏటా అవే మాటలు, అదే దగ్గు, టై రంగొక్కటే తేడా. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, వీటిలో కొత్తదేదని మేనేజరుగారు మమ్మల్నే అడిగారు. నవ్వాపుకోలేక నేను బయటికి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి బానేఉందిగారు తప్పు సరిదిద్దేసి, భార్యకి ఫోన్ చేస్తున్నారు. అంతా సరైపోయిందని, ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదని సంబరంగా చెప్పారు. ఆవిడ జవాబు పక్క కుర్చీలో నాక్కూడా వినిపించింది.

“మా దగ్గర ఇంకా గోడే ఉందండి.”

ఆయన ఫోను బల్లమీద పెట్టారు. ఫిర్యాదు మూయకుండానే లేచి, గోడ పగలగొట్టించడానికి మేస్త్రి దగ్గరికి బయల్దేరారు.