భుజం మీద తెల్లదారం

మా వీధి చివర రేకుల కొట్టులో గుర్రపు జీనులు కుట్టే పెద్దాయనను అందరూ మైనం మావయ్య అంటారు. దారానికి తేనెమైనం పట్టించి పట్టించి ఆయన వేళ్ళు పచ్చబారిపోయాయి. ఎంత తోముకున్నా వాసన పోదు. "దణ్ణం పెడితే చాలు, ఎవరొచ్చారో దేవుడికి వాసనే చెప్పేస్తుంది. పేరు చెప్పుకునే పని లేదు" అని నవ్వుతాడు. కూరగాయలమ్మ సంచీకి చెవి ఊడితే అడక్కుండానే లాక్కుని కుట్టిచ్చేస్తాడు. ఆవిడ చిల్లర తీసేలోగా ఆయన మళ్ళీ తల వంచేసి ఉంటాడు.

గుర్రాల మీదే సంసారం ఈదినవాడు గానీ ఒక్కనాడూ గుర్రం ఎక్కలేదు, పందెం చూడలేదు. "నేను కుట్టినది గుర్రం పొట్ట కింద ఉంటే, నేను గట్టు మీద కూర్చుని వేడుక చూడటమా! నా గుండె కూడా దాంతో పాటే పరుగెత్తుతుంది" అనేవాడు.

ఆయన పనికో పద్ధతి ఉంది. ముందు తోలు మడతల్ని తెల్లదారంతో కచ్చాగా కుట్టుకుంటాడు. ఆ పైన ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన నల్లదారంతో గట్టి కుట్టు వేస్తాడు. అది పూర్తయ్యాకే తెల్లదారం లాగేసి ఎడమ భుజం మీద వేసుకుంటాడు. ఒక కుట్టుకి ఒక దారం. పని ముగిశాక భుజం చూసుకుంటాడు. "బుర్ర అబద్ధం ఆడొచ్చు, భుజం ఆడదు" అంటాడు. అత్తయ్య, అంటే ఆయన భార్య, ఇంట్లో ఎంత దుమ్ము దులిపినా ఆ భుజం జోలికి మాత్రం పోదు.

ఈ ఏడాది ఆ బుర్ర సంగతే ఆయనను లోపల్లోపల తొలిచేస్తోంది. పొద్దున పలకరించిన మనిషిని సాయంత్రం మళ్ళీ కొత్తగా పలకరించాడు. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడితే అత్తయ్య ఒక్క మాట అనకుండా తోముకుంది. ఆ అనకపోవడమే ఆయనను ఎక్కువ భయపెట్టింది. గుర్రాల లాయంలో కూడా గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయనకు మతిమరుపు పట్టుకుంది, ఇంకెవరినైనా చూసుకోవాలి అని.

అలాంటి రోజుల్లో పిచ్చుక మొదటి పందెం వచ్చింది. పిచ్చుక అంటే లాయంలో గుర్రాలను సాకే ఒక ముసలాయన మనవరాలు. గాలికి ఎగిరిపోయేలా ఉంటుందని చిన్నప్పుడే ఆ పేరు పడింది. మావయ్య కొట్టులో తోలుముక్కల మధ్య ఆడుకుంటూ పెరిగిన పిల్ల ఇప్పుడు జాకీ అయింది. ఆ పిల్ల జీనుకి కొత్త పట్టీ ఆయనే కుట్టాడు. జీనుని గుర్రం పొట్ట కింద నుంచి బిగించి పట్టే పట్టీ అది. రెండు చివర్లా రెండు కుట్లు. అవి తెగితే జీను తిరిగిపోతుంది, మీద ఉన్న మనిషి కాళ్ళ కింద పడుతుంది.

రాత్రంతా కూర్చుని కుట్టిన పట్టీని, పందెం రోజు తెల్లారుతూనే, ఆయన భుజం చూసుకునేలోగానే పిచ్చుక వచ్చి పట్టుకెళ్ళింది. "తాతా, నువ్వు రాకపోతే నేను గుర్రం ఎక్కను" అని బెదిరించి మరీ వెళ్ళింది. ఇక తప్పలేదు, ఒంటి మీది చొక్కాతోనే కదిలాడు.

మేం నలుగురం బయల్దేరాం. మావయ్య, రిటైరైన బస్సు డ్రైవరు, సెలూన్ నడిపే మంగలి బావ, నేను. మంగలి బావ గుణం ఏమిటంటే, ఎవరు కనిపించినా చెయ్యి ఊరుకోదు. కాలరు సర్దుతాడు, భుజం దులుపుతాడు. ఆ పొద్దున కూడా అందరినీ అలాగే సింగారించి కారెక్కించాడు.

"ఒరేయ్ డ్రైవరూ, కాస్త వేగంగా పోనివ్వు. ఇది నీ బస్సు కాదు, ప్రతి స్తంభం దగ్గరా ఆపడానికి" అన్నాడు బావ.

"ఆపకపోతే నీలాంటివాళ్ళు ఎక్కేదెలా? టిక్కెట్టు లేని మొహమా!"

మావయ్య కూడా నవ్వాడు. ఆ రోజంతటికీ అదే ఆఖరి నవ్వు.

పందెం మైదానంలో మెట్ల మీద చోటు చూసుకుని కూర్చున్నాం. ఎండ నెమ్మదిగా ఎక్కుతోంది. ముందు వరసలో ఒక ముసలమ్మ తన గొడుగుని పక్కవాళ్ళ మీదికి కూడా జరుపుతోంది. మొదటి పందెం దుమ్ము రేపుకుంటూ పోయింది. డ్రైవరు గొంతు చించుకుని అరుస్తున్నాడు. మావయ్య అలవాటు కొద్దీ ఎడమ భుజం తడుముకున్నాడు. ఒక దారం వేలికి తగిలింది. ఇంకా తడిమాడు. వీపు మీదికి చెయ్యి పోనిచ్చాడు, కాలరు మడత విప్పాడు, జేబులు తిరగేశాడు, కూర్చున్న మెట్టు కింద చూశాడు.

ఒక్కటే దారం.

"ఏం బావా, చీమ కుట్టిందా?" అన్నాడు మంగలి బావ.

"ఏం లేదు."

ఏం లేదన్నవాడి మొహం పాలిపోయింది. రెండు చివర్లు, ఒకటే దారం. అంటే రెండో చివర నల్లదారం వేయనేలేదా? తెల్లదారం మీదే వదిలేశానా? కుట్టు మీద తోలు మడత కప్పేస్తుంది, పైకి ఎవరికీ కనబడదు. వేసినట్టు గుర్తు తెచ్చుకుందామంటే, గుర్తొచ్చే కుట్టు ఈ పట్టీదో, మొన్నటి పట్టీదో, పదేళ్ళ కిందటిదో తెలియడం లేదు. అన్నీ ఒకే చెయ్యి కుట్టినవే కదా.

"మావయ్యా, నీళ్ళు తాగు" అని సీసా ఇచ్చాను. మూత తీయడం కూడా చేతకాలేదు ఆయనకు.

"పందెం గానీ కాశావా ఏం, ఇంట్లో చెప్పకుండా?" డ్రైవరు ఎకసెక్కెం మొదలెట్టాడు. "చెప్పు, మేమెవరికీ చెప్పం. అత్తయ్యకి తప్ప."

"నోర్మూసుకోరా" అన్నాడు మావయ్య. ఆయన నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు.

చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కుట్టింది కుట్టనిది తెలియని మనిషి చేతికి రేపటి నుంచి ఎవరూ తోలుముక్క కూడా ఇవ్వరు. లాయంలో గుసగుసలన్నీ నిజమైపోతాయి. చెప్పకపోతే? కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. ఏదైనా దారి చూపిస్తాడేమోనని కాసేపు ఆగాడు. కళ్ళు తెరిచేసరికి పిచ్చుక పందెం గుర్రాలు కిందకి వచ్చేశాయి. జీనులు కట్టి కంచె లోపల గుండ్రంగా నడిపిస్తున్నారు. పిచ్చుక మా వైపు చూసి చెయ్యి ఊపింది.

మావయ్య లేచాడు. కాళ్ళు తొక్కుకుంటూ, తోసుకుంటూ మెట్లు దిగాడు. మేం వెనకాల పరుగెత్తాం. కంచె దగ్గర కాపలా మనిషి అడ్డు నిలబడ్డాడు.

"లోపలికి పోకూడదు పెద్దాయనా."

"ఆ పిల్లని ఎక్కనివ్వకండి! ట్రైనర్ గారూ! ఒక్కమాట!"

గుర్రాన్ని తయారుచేసే ట్రైనర్ విసుగ్గా వచ్చాడు. "ఇప్పుడా? ఏమిటి?"

మావయ్య కంచె పట్టుకున్నాడు. చుట్టూ లాయం మనుషులందరూ వింటున్నారు. "ఆ పట్టీ... రెండో చివర కుట్టానో లేదో నాకు గుర్తు లేదు బాబూ."

ట్రైనర్ ఆయన మొహంలోకి చూశాడు. పోయి పట్టీ విప్పాడు. కుట్టినవాడికే నమ్మకం లేని పట్టీని మడత విప్పి చూసే ఓపిక కూడా లేదు, పిలుపు వచ్చేసింది. పక్కనే ఉన్న పాతపట్టీ అందుకుని బిగించాడు. కొత్తదాన్ని చుట్టచుట్టి కంచె మీంచి మావయ్య చేతుల్లోకి విసిరాడు. పిచ్చుక బిక్కమొహంతో గుర్రం ఎక్కింది.

పందెం మావయ్య చూడలేదు. పట్టీని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. డ్రైవరే చెప్పాడు: "మూలమలుపు తిరిగింది... వెనకబడింది... పడలేదురా, పడలేదు... వచ్చేస్తోంది... వచ్చేసింది." చివరి నుంచి రెండోదిగా వచ్చింది పిచ్చుక. గెలిచిన గుర్రం వాళ్ళు కూడా మా డ్రైవరు గెంతినంత గెంతలేదు.

"ఇప్పుడు చూడు బావా, ఆ మడత విప్పు" అన్నాడు మంగలి బావ.

మావయ్య తోలు మడత తిప్పాడు. నల్లదారం, ఒత్తుగా, ఒకదాని పక్కన ఒకటి పళ్ళవరసలా. గట్టి కుట్టు. రెండో చివరా అంతే.

మేం హమ్మయ్య అనుకున్నాం. ఆయన అనుకోలేదు. కుట్టునే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కుట్టాను. చూడండి, కుట్టాను. దారం ఎక్కడ పారేశానో కూడా తెలియడం లేదు. అంటే భుజం కూడా పోయింది నాకు. ఇక నేను దేన్ని నమ్ముకోను?"

"దారమేంటి?" అన్నాడు బావ.

"తెల్లదారం. ఇక్కడ రెండుండాలి. ఒకటే ఉంది."

మంగలి బావ ఆయన కాలరు వైపు వేలు చూపించాడు. "కాలరు పక్కన వేలాడుతూ ఉండేది... అదా?"

"అదే."

"పొద్దున కారెక్కేటప్పుడు నేనే తీసి పారేశాను బావా! వెంట్రుక లాగా అసహ్యంగా ఉందని. పదిమందిలోకి పోతున్నావు కదా అని."

డ్రైవరు అందుకున్నాడు. "నీ సింగారం తగలెయ్య! ఒక దారం పీకి మనిషి ప్రాణం పీకేశావు కదరా!"

"రెండూ తీసేసినా బాగుండేది" అన్నాడు బావ ఏడుపు గొంతుతో. "రెండోది వీపు వైపు ఉంది, కనబడలేదు."

మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చేసింది మంచికే. నన్ను అడిగావు కూడా, చీమ కుట్టిందా అని. చెప్పని తప్పు నాది."

అంతలో పిచ్చుక చెమటతో పరుగెత్తుకొచ్చింది. "తాతా! పాతపట్టీ జారుతూనే ఉంది. దాన్ని పట్టుకోవడానికే సరిపోయింది నాకు. సాయంత్రం ఇంకో పందెం ఉంది, నాది నాకిచ్చెయ్."

మావయ్య ఇవ్వలేదు. ముందు మడత తిప్పి చూపించాడు. "నువ్వు చూడు. నువ్వే లాగి చూడు."

పిల్ల చూసింది, లాగింది, నవ్వింది. ఆ వెనకే వచ్చిన ట్రైనర్ కూడా వంగి చూశాడు. "నా గుండె ఆపేశావు పెద్దాయనా" అని గొణిగి రెండడుగులు వేశాడు. తిరిగి చూడకుండానే అన్నాడు: "రేపు లాయానికి రా. కళ్ళేలు తెగి పడున్నాయి."

అప్పటి నుంచి మావయ్య ఏం కుట్టినా, తీసుకెళ్ళేవాళ్ళ చేత మడత తిప్పించి చూపించనిదే కొట్టు దాటనివ్వడు. మరుపు తగ్గలేదు. దాన్ని ఒంటరిగా మోయడం మానేశాడు, అంతే.

ఆ పందెం రోజు సాయంత్రం తిరిగి వస్తుంటే కారులో మావయ్య భుజం మీద ఒక గడ్డిపరక వాలి ఉంది. మంగలి బావ చెయ్యి లేచింది. సగంలో ఆగి, నెమ్మదిగా తన జేబులోకి దూరింది.

"తియ్యరా, అది గడ్డే" అన్నాడు మావయ్య.

"నాకెందుకొచ్చిన గొడవ బావా. ఇంటికెళ్ళి అక్కని అడిగి తీస్తాను."