తూము దగ్గర బావ పెదవి

మొన్న వైరా చెరువు కట్ట మీదుగా వస్తుంటే, తూము దగ్గర నీళ్లలోకి దిగబోతున్న ఇద్దరు డైవర్లు కనిపించి బండి ఆపాను. ఒంటికి అతుక్కుపోయినట్టున్న సరంజామా, ఎక్కడా ఏదీ వేలాడటం లేదు. మణికట్టు మీది చిన్న తెరలోనే లోతూ, సమయమూ, సిలిండర్‌లో మిగిలిన గాలీ కనిపిస్తాయట. నేనూ ఒకప్పుడు ఈ పనే చేశానని చెప్పబోయి, కట్ట అంచున నిలబడి చూడసాగాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మాది ఇల్లందు. నాన్నలాగా నేనూ బొగ్గుబావిలోకి దిగకూడదని అమ్మ పట్టుబడితే, చివరికి అక్క మొగుడి వెంట నీళ్లలోకి దిగాను. బావ విశాఖపట్నంలో డైవింగ్ నేర్చుకుని వచ్చి, చెరువుల తూములూ గేట్లూ అడుగున ఎలా ఉన్నాయో చూసిపెట్టే పనులు చేసేవాడు. ఆయన ఒంటిమీద ఉండేవి రెండే గేజులు. గాలి చూపించే గేజు పొట్టి గొట్టంతో ఎడమ నడుము దగ్గర కొక్కేనికి తగిలించి ఉండేది. లోతు చూపించేది కుడి మణికట్టుకు. రెండూ తెల్లటి ముఖం, లావుపాటి అంకెలు. బురద నీళ్లలో అంతకంటే కావలసింది లేదనేవాడు. నాకేమో అవి మరీ బోసిగా అనిపించి, మూడు గేజులు ఒకే దిమ్మెలో అమర్చిన, పొడవాటి గొట్టానికి వేలాడే సెట్టు ఒకటి మద్రాసు నుంచి ముచ్చటపడి తెప్పించుకున్నాను. దాన్ని తగిలించుకుని ఒక చెరువు తూము దగ్గర దిగబోతుంటే, చూసి బావ నవ్వాడు.

"గంగిరెద్దు లెక్క ఏందిరా బామ్మర్ది గిది? లోపల దేనికన్న తట్టుకుంటది, తీసెయ్యి."

ఈ ఒక్కసారికి అని బతిమాలాను. అక్క అన్నం పట్టుకుని కట్ట మీదికి వస్తోంది, ఊరి జనం కూడా చూస్తున్నారు. ఆ సెట్టు కనబడాలన్నదే నా ఆరాటం.

అడుగున తూము ముందు ఇనుప జాలీ ఉంది. దాన్ని తడుముకుంటూ పక్కకు జరిగానో లేదో, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. ఆ దిమ్మె కమ్మీల మధ్య ఇరుక్కుంది. గేజు చూద్దామంటే చేతికి అందదు, గింజుకున్న కొద్దీ ఊపిరి బరువెక్కుతోంది. గాలి అయిపోయిందనుకున్నాను. నోట్లోని గాలి గొట్టం ఉమ్మేసి, పక్కనే ఉన్న బావ నోట్లోది రెండు చేతులా గుంజుకున్నాను. ఆయన నన్ను నెట్టలేదు. మెడ దగ్గర అదనంగా ఉండే రెండో గాలి గొట్టం నోట పెట్టుకుని, ఒక చేత్తో నన్ను అదిమిపట్టి, రెండో చేత్తో నా గేజుల గొట్టం వెంట తడుముకుంటూ పోయి ఆ దిమ్మెను విడిపించాడు. మెల్లగా పైకి తెచ్చాడు.

గట్టెక్కాక గేజు చూస్తే నా సిలిండర్‌లో ఇంకా సగానికి పైగా గాలి ఉంది. బావ పెదవి చీలి, గడ్డం మీదుగా రక్తం కారుతోంది. జనం చుట్టూ చేరారు. ఏమైందని అక్క అడిగితే, రాయి తగిలిందన్నాడు బావ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రాయి కాదక్కా, నా చెయ్యి. నా ఊపిరి కోసం బావ నోట్లది గుంజుకున్న."

అక్క నా వైపు తిరిగింది. తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆమె చీరె కొంగు తడిపి బావ పెదవికి అదిమిపెట్టి, రెండో చేత్తో టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది.

"తినుండ్రి, చల్లారుతది."

అక్క పసుపుకుంకాలు నా రెండు చేతుల్లో నుంచి జారిపోబోయాయన్న సంగతి అప్పుడే పూర్తిగా తలకెక్కింది. సాయంత్రం బావే ఆ సెట్టు విప్పేసి, తన పాత గేజు ఒకటి నా నడుముకు తగిలించి, కళ్లు మూసుకుని చేత్తో పట్టుకోమన్నాడు. తప్పకుండా అందేదాకా మళ్లీ మళ్లీ పట్టించాడు. జరిగినదాని ఊసు ఆయన గాని, అక్క గాని ఆ తర్వాత ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకింత సిగ్గు మిగిలేది కాదేమో.

బావ ఇప్పుడు కల్లూరులో మిరపతోట చూసుకుంటున్నాడు. ఆ రోజు తర్వాత మేం కలిసి పనిచేసినన్నాళ్లూ, దిగేముందు ఒకరి ఒంటిని ఒకరం తడిమి, ప్రతి గొట్టమూ ప్రతి కొక్కెమూ చూసుకునేవాళ్లం. ఆయన వేళ్లు నా భుజం మీదికి వచ్చినప్పుడల్లా నేను నేల చూపులు చూసేవాణ్ణి. ఈనాటి పరికరాలు మంచివే, కాదనను. మొన్న ఆ ఇద్దరూ ఎవరి మణికట్టు వాళ్లు చూసుకుని, ఒకరినొకరు ముట్టుకోకుండానే నీళ్లలోకి జారిపోయారు. వాళ్లు మళ్లీ పైకి తేలేదాకా నేను కట్ట మీది నుంచి కదలలేకపోయాను.