తేదీ లేని గ్యారంటీ

ఇవావోగారికి మతిమరుపు ఒక్క విషయంలోనే. అమ్మిన సరుకు గ్యారంటీ కార్డు మీద ముద్ర గట్టిగా గుద్దుతారు, సంతకం వంకర లేకుండా పెడతారు, తేదీ మాత్రం వెయ్యరు.

హచినొహె ఊళ్ళో, రేవు వీధిలోని కరెంటు సామాన్ల దుకాణం ఆయనదే. కొన్న ఏడాదిలోపు పాడైతే ఉచితంగా బాగుచేస్తామని కార్డు అచ్చువేయించిందీ ఆయనే. తేదీ లేకపోతే ఆ ఏడాది ఎప్పుడు ముగిసినట్టు? కోడలు చిజురుకి తల కొట్టేసినట్టుండేది.

"మావయ్యగారూ, తేదీ!"

"అయ్యో, మర్చిపోయానమ్మా."

"ఎదురుగా నాలుగు క్యాలెండర్లు తగిలించాను కదండీ!"

"నాలుగింట్లో దేన్ని నమ్మాలో తెలీక..."

అదే మనిషి, ఎవరింటికి ఏ తుఫాను రోజున ఫ్రిజ్ మోసుకెళ్ళారో, ఆ పూట వాళ్ళు ఏ చేప కాల్చారో కూడా చెప్పేవారు.

చిజురు వచ్చినవాళ్ళందరికీ నడుం వంచి, "మావయ్యగారికి మతి తప్పుతోందండీ, మన్నించండి" అని చెప్పుకుంది. చివరికి గుమ్మానికి కాగితం అంటించింది: తేదీ లేని కార్డు చెల్లదు. ఆయన చదివి, "అక్షరాలు గుండ్రంగా రాశావమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఎండుచేపలమ్మే తొమె, అన్నం కుక్కర్ని గుడ్డలో మూటగట్టుకుని వచ్చింది. ఎవరైనా ఊరికే గుక్కెడు టీ ఇచ్చినా సాయంత్రానికల్లా బుట్టెడు చేపలు గుమ్మంలో పెట్టిపోయే రకం. కాగితం చదివింది. చేతిలోని కార్డు చూసుకుంది. మొహం కందిపోయింది.

"పోనీలేమ్మా, పొయ్యి మీద వండుకుంటాలే. ఇప్పటికే ఐదుసార్లు బాగుచేశారు మీ మావయ్య. వచ్చినప్పుడల్లా 'తేదీ వెయ్యలేదా? తప్పు నాదే, గ్యారంటీ ఉన్నట్టే' అనేవారు. ఉచితమంటే నేను ముట్టను గానీ, గ్యారంటీ అంటే నా హక్కాయె!"

చిజురు సిగ్గుతో చచ్చిపోయింది. మతిలేనివాడని ఊరంతా చాటింది ఎవర్ని! వెనక తెర చాటున మావయ్యగారు స్క్రూడ్రైవరు పట్టుకుని, దొంగతనం బయటపడ్డట్టు నిలబడ్డారు. ఆయన మొహం చూడలేకపోయింది.

గుమ్మం మీది కాగితం పరపరా చించేసింది. "పొరపాటున అంటించానండీ. మీ కార్డు నలిగిపోయింది, కొత్తదిస్తాను" అంటూ కుక్కరు లాక్కుంది. ముద్ర గుద్దింది, సంతకం పెట్టింది, చేతికిచ్చింది.

తొమె కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. చిజురు వంక జాలిగా చూసి, గొంతు తగ్గించి ఇవావోగారితో అంది:

"పాపం, చిన్న వయసు! ఈ అమ్మాయికీ అంటుకుందేమిటండీ?"